పట్టికలో వచ్చిన అవ్వ

మొన్న సాయంత్రం అమ్మ ఫోను మోగింది. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. అవతల ముందే రికార్డు చేసిన గొంతు. మీ వీధిలో మంచినీటి సరఫరా సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి అంటోంది. అమ్మ ఏదీ నొక్కలేదు. ఫోనును చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని, "నీళ్లు వస్తాయి నాయనా, రావని చెప్పను. కానీ రాత్రి పదకొండు దాటాక వదులుతారు. అంతసేపు మేలుకోవడం నా వల్ల కావడం లేదు" అని నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ గొంతు ఆగి, మళ్లీ మొదటి నుంచి అదే ప్రశ్న అడిగింది. అమ్మ మళ్లీ అంతే ఓపికగా చెప్పింది. మూడోసారికి ఫోను దానంతట అదే ఆగిపోయింది. "ఏదో పని తగిలినట్టుంది, పాపం" అని అమ్మ ఫోను పక్కన పెట్టేసింది.

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ల పైమాటే, నేనూ ఇలాగే ఇంటింటికీ వెళ్లి జనాన్ని ప్రశ్నలడిగాను. ఒకటా, రెండా, మూడా అని గడుల్లో అంకెలు వేశాను. అయితే నా ముందు మనిషి ఉండేది. ఆమె మాట ఆగేదాకా నేను ఆగవలసి వచ్చేది. ఆ రోజుల గురించి ఎప్పుడూ రాయలేదు.

2003వ సంవత్సరం. అనంతపురంలో పీజీ చదువుతున్నాను. అంతకు ముందు ఏడాది దేశమంతా కరువు. మన జిల్లాకు అది కొత్త కాదు, కానీ వరుసగా రెండో ఏడు, మూడో ఏడు అంటే మా ఇంట్లోనే తెలిసిపోయేది. నాన్న అప్పు అడగడానికి వెళ్లే ఇళ్లు కూడా అయిపోయాయి. అలాంటప్పుడు మా సీనియర్ ఒకామె వచ్చి, సర్వే పని ఉంది, రోజుకు 120 రూపాయలు ఇస్తారట, ఆడపిల్లలు కావాలంటున్నారు అని చెప్పింది. ప్రజలు ప్రభుత్వం నుంచి ముందుగా ఏం కోరుకుంటున్నారో తెలుసుకోవడం ఆ సర్వే పని. నేను వెళ్లింది 120 రూపాయల కోసమే.

టవర్ క్లాక్ దగ్గర ఒక మేడ మీది హాలులో మూడు రోజులు శిక్షణ. శిక్షణ ఇచ్చిన పెద్దాయన ప్రభుత్వ గణాంక శాఖలో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. సుద్దముక్క చొక్కా జేబులోనే పెట్టుకునేవారు. మొదటి రోజు ఉదయం ఆయన చెప్పిన కథ నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నిక. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి చీటీలు పంపింది. 23 లక్షల చిల్లర చీటీలు తిరిగొచ్చాయి. వాటిని లెక్కగట్టి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. జార్జ్ గాలప్ అనే ఆయన అందులో ఎన్నో వంతో కూడా లేనంతమందిని అడిగి, కాదు, రూజ్‌వెల్ట్ గెలుస్తాడన్నాడు. అప్పటి 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌వే అయ్యాయి. పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోను పుస్తకాల్లో నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆర్థిక మాంద్యంలో ఫోనూ కారూ ఉన్నది ఎవరికి? "సాయినగర్‌లో ఫోను ఉన్న ఇళ్లన్నీ తిరిగి, జిల్లాలో నీళ్ల కరువు లేదని రాస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే" అన్నారాయన.

తర్వాత అందరూ చెప్పే మాటే చెప్పారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు అని. మన దేశంలో మహలనోబిస్ 1950లో జాతీయ నమూనా సర్వేను మొదలుపెట్టి, అన్ని కోట్లమంది బతుకును కొన్ని వేల ఇళ్లలో చూడవచ్చని ఎలా నిరూపించారో చెప్పారు. అప్పుడు వెనక బెంచీలో నుంచి ఒక అబ్బాయి లేచి, "సార్, అన్నానికైతే మెతుకు చాలు. సంగటికి చాలదు కదా" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ఇంకోసారి చెప్పు" అన్నారు. ఆ అబ్బాయి చెప్పాడు. సంగటిని తెడ్డుతో అడుగంటా గెలకకపోతే పైన మెత్తగా ఉంటుంది, లోపల పొడి పిండి ఉండలు కట్టి ఉంటుంది, పైన చిటికెడు తీసి చూస్తే ఏం తెలుస్తుంది అని. మిగతా రెండు రోజులూ ఆయన గెలకడం గురించే మాట్లాడారు.

గెలకడమంటే ఏమిటో పల్లెలకు వెళ్లాక అర్థమైంది. ఊరి మధ్య రచ్చకట్ట దగ్గర మొదలుపెట్టి కుడిచేతి వైపుగా ప్రతి ఎనిమిదో ఇంటికి వెళ్లాలి. వినడానికి ఎవరి పక్షమూ లేని పద్ధతి. కానీ మన పల్లెల్లో ఎస్సీ కాలనీ ఊరికి దూరంగా, వంక అవతలో, రోడ్డుకు ఆ పక్కనో ఉంటుంది. రచ్చకట్ట దగ్గర మొదలుపెట్టిన వాళ్లకు కోటా నిండేసరికి ఆ కాలనీ రాదు. ఎన్ని ఊళ్లు తిరిగినా రాదు. అందుకే కాలనీని, తండాను, చివరి గుడిసెలను వేరుగా గీసుకుని, వాటిలో వేరుగా మొదలుపెట్టాలని ఆయన పట్టుబట్టారు. ఊరి పటం చేత్తో గీసి చూపించనిదే మమ్మల్ని ఇళ్లలోకి పోనిచ్చేవారు కాదు.

నాతో పాటు ముగ్గురు. ఇద్దరు అబ్బాయిలు, ఇంకో అమ్మాయి. ఉదయం ఆరింటికే బస్టాండులో కలిసేవాళ్లం. ఉగ్గాని, బజ్జీ కట్టించుకుని బస్సెక్కేవాళ్లం. కళ్యాణదుర్గం, రాయదుర్గం, కణేకల్లు, ఇటు కదిరి, మడకశిర. అప్పుడది 19 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు జిల్లా. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాక పుట్టిన పిల్లలకు ఆ దూరాలు తెలియవు. మడకశిర వైపు వెళితే సగం ఇళ్లలో కన్నడమే. మా కాగితాలన్నీ తెలుగు. ఒక తాతకు నేను ప్రశ్న చదువుతుంటే ఆయన మనవరాలు కన్నడంలోకి మార్చి చెప్పింది. ఆమె మార్చింది ప్రశ్ననో, జవాబునో నాకు తెలిసే దారి లేదు.

జనం మమ్మల్ని చూడగానే ముందు అడిగేది ఒకటే. "రేషను కార్డు తీసేయడానికి వచ్చారా?" కాదని చెప్పాక, "అయితే ఇవ్వడానికి వచ్చారా?" ఆ రెండు ప్రశ్నలకూ మధ్య మేము ఎవరమో చెప్పుకునే చోటు చాలా ఇరుకు. తీసేయడానికి వచ్చామనుకున్న వాళ్లు ఉన్న మేకల్ని కూడా లేవనేవారు. ఇవ్వడానికి వచ్చామనుకున్న వాళ్లు పడని కష్టాలు కూడా పడ్డామనేవారు. ఇద్దరూ అబద్ధాలాడే మనుషులు కారు. కాగితం పట్టుకుని గడపలోకి వచ్చిన మనిషి ఇన్నేళ్లలో వాళ్లకు ఏం చేశాడో, దాన్ని బట్టి నడుచుకున్నారు.

రాయదుర్గం దగ్గర ఒక రైతు నాకు నమూనా సిద్ధాంతం మొత్తాన్ని రెండు మాటల్లో తిప్పికొట్టాడు. ఇంతమందిని అడిగితే జిల్లా అంతా తెలుస్తుందన్నా అని శిక్షణలో నేర్పినట్టే చెప్పాను. ఆయన వేరుశనగ కట్టె మీద నుంచి లేవకుండానే, "పంట బీమాకూ అంతే చేస్తారు తల్లీ. ఎవరి చేన్లోనో చిన్న మడి కొలిచి, కోసి, తూకం వేసి, మండలమంతా పండిందని రాస్తారు. వాన ఆ చేను మీద పడింది, నా చేను మీద పడలేదు. నాకు పైసా రాలేదు. నువ్వు కోసే మడి ఎవరిది?" అన్నాడు.

జాతీయ వ్యవసాయ బీమా పథకం వచ్చి అప్పటికి మూడు నాలుగేళ్లే. దిగుబడిని ఒక్కో రైతు చేనులో కాకుండా ప్రాంతం మొత్తానికి కలిపి, పంట కోత ప్రయోగాలతో తేల్చేవారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడటమే కష్టమైన జిల్లాలో, అది కూడా ఒక పొలం తడిపి గట్టు అవతలి పొలాన్ని వదిలేసే వాన. అక్కడ నమూనా అంటే ఏమిటో రైతుకు మాకన్నా బాగా తెలుసు. దానికి మూల్యం కట్టినవాడు ఆయన. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన చెప్పింది మాత్రం ప్రశ్నపత్రం చివర ఉన్న ఖాళీలో రాసుకున్నాను.

మా ప్రశ్నల్లో ప్రాణమైనది పదకొండోది. "మీ దృష్టిలో ప్రభుత్వం అన్నిటికంటే ముందు పరిష్కరించవలసిన సమస్య ఏది?" కింద పద్నాలుగు గడులు. తాగునీరు, సాగునీరు, నిరుద్యోగం, అప్పులు, ధరలు, రోడ్లు, పారిశుద్ధ్యం, చదువు, వైద్యం... చివర ఇతరములు, దాని పక్కన రెండంగుళాల చుక్కల గీత. గడుల్లోని మాటలు మేము చదివి వినిపించకూడదు. వాళ్లు చెప్పింది విని, సరిపోయే గడిలో మేమే గుర్తు పెట్టాలి.

సగంమంది ఒకే మాట చెప్పేవారు. కరువు.

పద్నాలుగు గడుల్లో కరువు లేదు. కాగితం తయారుచేసిన వాళ్ల లెక్కలో కరువనేది వాన లేకపోవడం, వాన ప్రభుత్వం పరిష్కరించే సమస్య కాదు. అనంతపురం మనిషి నోట్లో ఆ మాటకు అంత చిన్న అర్థం లేదు. నీళ్లు లేకపోవడం కరువు. పశువులకు మేత లేక గుంతకల్లు సంతకు తోలడం కరువు. పని లేక బెంగళూరులో ఇటుకలు మోయడానికి పోవడం కరువు. కూతురి పెళ్లి ఆగిపోవడం కరువు. మాట ఒక్కటే, మా కాగితంలో అది ఐదు ముక్కలు. ఏ ముక్కలో వేయాలో తేల్చుకోవడానికి "కరువంటే ముఖ్యంగా దేనికి కరువు?" అని మళ్లీ అడగాలి. ఒకామె నన్ను వింతగా చూసి, "అన్నిటికీనమ్మా. ఒక్కదానికైతే కరువని ఎందుకంటాం?" అంది.

నిరుద్యోగం గడి అయితే దాదాపు ఖాళీగానే మిగిలిపోయేది. ఆ మాట మన ఊళ్లలో డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న అబ్బాయికి చెందినది. ఏడాదిలో నాలుగు నెలలు కూడా కూలి దొరకని మనిషి తనను నిరుద్యోగి అనుకోడు. "పని లేదు" అంటాడు, "పనులు పడలేదు" అంటాడు. అప్పుడే పనిలోకి వచ్చిన మా జట్టు అబ్బాయిలు మొదటి వారం ఆ మాటల్ని ఇతరములలో వేసేశారు. సారు రాత్రి లాడ్జిలో కాగితాలు తిరగేస్తూ అది పట్టుకున్నారు. ఆ వారం కాగితాలన్నీ నేల మీద పరిచి, ఒక్కొక్కటే చదివి, మళ్లీ గడులు దిద్దించారు. దిద్దకపోయి ఉంటే, ఆ పల్లెల్లో పని గురించి అడిగేవాళ్లే లేరని అచ్చయ్యేది.

ఇంకో చిక్కు "పర్వాలేదు". ఆసుపత్రి ఎలా ఉంది, బడి ఎలా ఉంది అని ఐదు మెట్ల ప్రశ్నలు ఉండేవి. పూర్తి సంతృప్తి నుంచి పూర్తి అసంతృప్తి దాకా. తెలుగువాడు పర్వాలేదంటే అది ఏ మెట్టు? బాగుందనీ కావచ్చు, ఇక చెప్పి ప్రయోజనం లేదనీ కావచ్చు. గొంతు విని తేల్చుకోవాలి. అది రాసే గడి ఎక్కడా లేదు.

అయితే ఇంట్లో ఎవరిని అడగాలి అన్నది వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న. తలుపు తీసిన వాళ్లను అడిగేస్తే చాలదు. ఇంట్లో 18 ఏళ్లు నిండిన వాళ్లందరి పేర్లూ వయసుల వారీగా రాయాలి. ప్రశ్నపత్రం మొదటి పేజీలో ఒక పట్టిక ఉంటుంది. అడ్డంగా ఇంట్లో పెద్దవాళ్ల సంఖ్య, నిలువుగా ఆ కాగితం నంబరులోని చివరి అంకె. రెండూ కలిసిన గడిలో ఎవరి వరుస సంఖ్య ఉంటే వాళ్లనే అడగాలి. వాళ్లు పొలంలో ఉంటే పొలానికి పోవాలి, సాయంత్రం వస్తామంటే సాయంత్రం దాకా ఆగాలి. మార్చడానికి వీల్లేదు. లెస్లీ కిష్ అనే గణాంకవేత్త 1949లో ఇలాంటి పట్టికను ప్రకటించాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆయన అనంతపురం పేరు విని ఉండడు. కానీ మన పల్లెటూళ్ల ఇళ్లలో నేను ఏ సంస్కర్త మాటా చేయలేని పని ఆయన పట్టిక చేయడం చూశాను.

కణేకల్లు దగ్గర ఒక పెద్దింట్లో పట్టిక చిన్నకోడలిని చూపించింది. ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్లు, పెళ్లయి ఏడాది. మామగారు మంచివారే. "దానికేం తెలుసమ్మా, నిన్నమొన్న వచ్చిన పిల్ల. నేను చెబుతాను రాసుకో" అన్నారు. కాగితం చూపించి, నంబరు ఆమెదే వచ్చింది మామా, నేను మార్చకూడదు అన్నాను. ఆయన కళ్లజోడు తెప్పించుకుని, పట్టికలో వేలు పెట్టి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చూసుకున్నారు. "నిజమే, దానిదే వచ్చింది" అన్నారు. చీట్లపాటలో పేరు వస్తే ఎంత నమ్మకంగా ఒప్పుకుంటారో అలా ఒప్పుకున్నారు. వాదించి ఉంటే ఒప్పుకునేవారు కారు.

ఆ అమ్మాయి తలుపు చాటునే నిలబడి, పైట కొస వేలికి చుట్టుకుంటూ, ప్రతిదానికీ "మామ ఏం చెబితే అదే" అంది. కాళ్లు కడుక్కుంటానని పెరట్లోకి నడిచాను. చెంబుతో నీళ్లు తీసుకుని వెంట వచ్చింది. తొట్టి గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. పదకొండో ప్రశ్న మళ్లీ అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. చెంబు అంచు మీద వేలితో రాస్తూ ఉంది. తర్వాత చాలా చిన్న గొంతుతో చెప్పింది. పగలు నీళ్లు తాగడం మానేశానక్కా, అని. ఎందుకంటే చీకటి పడేదాకా బయటికి వెళ్లడానికి లేదు. పుట్టింట్లో దిబ్బల చాటు ఉండేది, ఇక్కడ అన్నీ బయలు పొలాలు. వాన లేక కంది కూడా ఎదగలేదు, ఈ ఏడు ఆ చాటు కూడా లేదు.

ఇంటికి మరుగుదొడ్డి కట్టించే వీలుంది కదా, మామతో చెప్పరాదా అన్నాను. అడగడానికి సిగ్గుపడే విషయాన్ని ఎవరైనా ఎలా అడుగుతారని నాకు తట్టలేదు. నాకూ ఇరవై రెండేళ్లే. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. పారిశుద్ధ్యం గడిలో గుర్తు పెట్టాను. మురికి కాలువలు, దోమలు, చెత్తకుప్పలు, వాటితో పాటే ఆ పిల్ల దాహం, అన్నీ ఒకే అంకె. చుక్కల గీత మీద కూడా రాశాను. రెండంగుళాలు చాలక పేజీ అంచు వెంబడి కిందికి రాశాను.

ఆ సర్వే నివేదిక ఎప్పుడు వచ్చిందో, ఎవరు చదివారో నేను చూడలేదు. డబ్బు ఇచ్చారు. నాన్న దానితో విత్తనాలు కొన్నారు. తర్వాత నేను జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే పనిలో చేరాను.

ఆ మరుసటి ఏడాది, 2004లో లోక్‌సభ ఎన్నికల సర్వేలు చాలావరకు ఒకటి చెబితే ఓటింగ్ యంత్రాలు ఇంకోటి చెప్పాయి. టీవీలో పండితులు తలలు పట్టుకుంటే నాకు మాత్రం గడపలో రేషను కార్డు గురించి అడిగిన గొంతులు వినిపించాయి. ఎవరొచ్చి అడుగుతున్నారో తెలియని చోట మనిషి తన మనసులో మాట ఎందుకు బయటపెట్టాలి? 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ఆ రోజు పేపరు చదువుతుంటే, లాడ్జి నేల మీద పరిచి గడులు దిద్దుకున్న కాగితాలు కళ్లకు కట్టాయి. మా కాగితాల వల్లే అది వచ్చిందని నేను అనను. పని కావాలని ఆ జనం చెప్పారు, అది ఒకప్పుడు నా చేతి రాతలో ఉండింది, అంతే.

ఇంకా కొన్నేళ్లకు ఐక్యరాజ్యసమితి ప్రపంచమంతటా ఒక సర్వే చేసింది. మై వరల్డ్ అని పేరు. 16 అంశాలిచ్చి, మీకూ మీ కుటుంబానికీ అతి ముఖ్యమైన ఆరింటిని ఎంచుకోండి అన్నారు. 2015 నాటికి 90 లక్షల పైచిలుకు మంది ఎంచుకున్నారు. మంచి చదువు అన్నిటికన్నా పైన నిలిచింది. క్లాసులో పిల్లలకు ఆ జాబితా చూపించి, మన జిల్లా అయితే మీరు ఏ ఆరు ఎంచుకుంటారని అడిగాను. ఒక అమ్మాయి లేచి, "మేడమ్, పదహారూ ఎవరు రాశారు?" అంది. ఆ పిల్లను దగ్గరకు తీసుకోవాలనిపించింది.

ఇంతా రాశాను గాని, ఆ నలభై రోజుల్లో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని దాటేస్తే ఈ రాసినదంతా అబద్ధమవుతుంది.

కళ్యాణదుర్గం నుంచి కంబదూరు దారిలో ఒక ఊరు. నెల పైన గడిచింది, అలసిపోయాం. సాయంత్రం బస్సు ఐదింటికి, అది తప్పితే రాత్రికి ఆ ఊళ్లోనే. చివరి ఇంట్లో పట్టిక అవ్వను చూపించింది. 75 ఏళ్లు. ఒక కంటికి శుక్లం. బాగా చెవుడు. నడవ చివర నులక మంచం మీద పడుకుని ఉంది. నాలుగున్నర అయింది. ఆమె కొడుకు, "అవ్వకు ఏం వినపడుతుందమ్మా, నేను చెబుతా, మీకు బస్సు పోతుంది" అన్నాడు. కూర్చున్నాను. ఆయన్ని అడిగాను. ఆయన సమస్య బోరు. మూడు వేయించాడు, మూడూ ఎండిపోయాయి, నాలుగో దానికి ప్రభుత్వం సాయం చేయాలి. సాగునీరు గడిలో గుర్తు పెట్టాను. పైన పేరు దగ్గర అవ్వ పేరే రాశాను. స్త్రీ, 75, నిరక్షరాస్యురాలు. బస్సు అందింది.

సారు మరునాడు మాకు చెప్పకుండా ఆ ఊరు వెళ్లారు. పదింటిలో ఒక ఇంటికి మళ్లీ వెళ్లి సరిచూడటం ఆయన పని. రాత్రి లాడ్జి వరండాలో ఆ కాగితం నా ముందు పెట్టారు. "అవ్వను అడిగాను. నన్నెవరూ ఏమీ అడగలేదు నాయనా అంది" అన్నారు. ఇంకేమీ అనలేదు. జేబులో నుంచి ఎర్ర పెన్ను తీసి నా చేతికిచ్చారు. నేనే మూలనుంచి మూలకు గీత కొట్టాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇంట్లో పుట్టినప్పటి నుంచి నన్నెవరూ అడగరని లోలోపల రగిలిన పిల్లను నేను. అడిగే పని చేతికొస్తే నేను చేసింది ఇది.

తెల్లవారి మొదటి బస్సుకు ఒక్కదాన్నే వెళ్లాను. కొడుకు పొలం పోయాడు. అవ్వ మంచం మీద లేచి కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కో ప్రశ్ననూ గట్టిగా అరిచి అడగవలసి వచ్చింది. వీధి మొత్తానికి వినపడింది. పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇరవై నిమిషాల పని గంటన్నర పట్టింది.

పదకొండో ప్రశ్న రెండుసార్లు అరిచాక ఆమెకు అందింది. "అన్నిటికన్నా ముందా?" అంది. "అవునవ్వా, అన్నిటికన్నా ముందు ఏది చేయాలి?" 75 రూపాయల పింఛను సంగతో, కంటి ఆపరేషనో చెబుతుందనుకున్నాను. అవ్వ చేయెత్తి ఇంటి వెనక వైపు చూపించింది. "చెరువు" అంది. పూడిపోయింది, తీయాలి. తన పెళ్లినాటికి అలుగు పారేదట. ఆ అలుగు మీద కాళ్లు పెట్టుకుని కూర్చునేదట. ఇప్పుడు లోపల జాలి చెట్లు మొలిచాయి. "నా కొడుకు బోరు, బోరు అంటాడు. భూమికి ఎన్ని చిల్లులు పెడితే ఏం లాభం పాపా? పైన నిలబడితేనే కదా నీళ్లు కిందికి దిగేది!"

బుక్కరాయసముద్రమని చెరువులకు సముద్రాల పేర్లు పెట్టుకున్న సీమ ఇది. వానలు తక్కువని తెలిసే పాతవాళ్లు ప్రతి వంకకూ అడ్డం కట్టి చెరువులు చేసుకున్నారు. అదంతా నేను పరీక్షల కోసం చదివాను. అవ్వ నోట విన్నప్పుడే అది నాకు తెలిసింది. 2012లో హంద్రీ-నీవా కాలువ మీద జీడిపల్లికి కృష్ణా నీళ్లు వచ్చిన వార్త చదివినప్పుడు కూడా ముందు గుర్తొచ్చింది ఆమే.

గడి కోసం పెన్ను కిందికి జరిపాను. చెరువు అని గడి లేదు. ఉన్నది సాగునీరు. కొడుకు బోరుకు నేను మొన్న పెట్టిన గుర్తు ఏ గడిలోనో, ఈ రోజు అవ్వ చెరువుకూ అదే గడి. రెండో నంబరు. నేను కొట్టేసిన దొంగ కాగితానికీ ఈ కాగితానికీ లెక్కలో తేడా ఏమీ లేదు. పెన్ను పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. తర్వాత గుర్తు పెట్టి, పక్కన అంచులో అవ్వ చెప్పింది చెప్పినట్టు రాశాను. అలుగు, జాలి చెట్లు, చిల్లులు, అన్నీ.

చివరి ప్రశ్న అందరికీ ఒకటే. "మీరు ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?" అవ్వ గుమ్మం వైపు ఒళ్లంతా తిప్పి, ఉన్న కంటితో చూసింది. పక్కింటామె అప్పటికే వచ్చి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడప మీద కూర్చుని ఉంది. "ఆమెను అడుగు. ఆమెకు చెవులు బాగా వినిపిస్తాయి, నీకు తొందరగా అయిపోతుంది" అంది అవ్వ.

ఆ ఇల్లు నా వరుసలో లేదు. ఆమె పేరు ఏ పట్టికలోనూ రాలేదు. ఆమె చెప్పేది ఏ లెక్కలోకీ ఎక్కదు. అది ఆమెకు చెప్పాను. "ఎక్కకపోతే ఎక్కకపోయిందిలేమ్మా" అని ఆమె ఇంకొంచెం ఇటు జరిగి కూర్చుంది. అవ్వ కాగితాన్ని సంచిలో పెట్టాను. శిక్షణలో రాసుకున్న నోటుపుస్తకం తీసి, వెనక నుంచి ఒక తెల్ల పేజీ తిప్పి, "చెప్పక్కా" అన్నాను.

రోడ్డు మీద పదకొండున్నర బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. మూడింటిదాకా ఇంకోటి లేదు.